పొద్దు మునగకముందే తిప్పిన పడవ

ఫిబ్రవరి 9

సరంగు గారికి, అంటే మా తమ్ముడికి,

నిన్న పొద్దు వాలేసరికి ఇల్లు చేరాను. బస్సులో పన్నెండు గంటలు కూర్చునేసరికి ఈ మోకాళ్ళు నావేనా అని అనుమానం వచ్చింది. బట్టలు కూడా మార్చుకోకుండా పడుకున్నాను. ఈ రోజు ఆసుపత్రి లాండ్రీలో డ్యూటీకి వెళితే నాలుగు రోజుల దుప్పట్లు గుట్టలుగా పడి ఉన్నాయి. నేను సెలవు పెట్టానని రోగులు పెట్టరు కదా.

ఈ మాత్రానికి ఉత్తరమెందుకు, ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. ఫోనులో నువ్వు "ఊ", "ఆ" తప్ప మూడో అక్షరం పలకవు. కాగితం ఇస్తే కనీసం నాలుగు ముక్కలు రాస్తావు.

మీ బావ పోయాక ఈ పదకొండేళ్ళలో నేను పెట్టిన మొదటి సెలవు ఇది. సూర్యుడు మునిగే పడమటి సముద్రం చూశాను, నీ పడవ ఎక్కాను, నువ్వు చక్రం పట్టుకుని నిలబడితే చూసి మురిసిపోయాను. అయితే ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. పడవ అంత తొందరగా ఎందుకు తిప్పేశావు? సూర్యుడు నీళ్ళకి ఇంకా జానెడు ఎత్తున ఉన్నాడు. పై డెక్కు మీద నలభై మందిమి అటే నోళ్ళు తెరుచుకుని కూర్చున్నాం. ఇంతలో పడవ గిర్రున తిరిగింది. చూస్తే మా వీపులు సూర్యుడికి, మొహాలు ఒడ్డుకి! మెడ తిప్పి చూద్దామంటే పొగగొట్టం అడ్డం. పెళ్ళికి పిలిచి తాళి కట్టే వేళకి తెర వేసినట్టుంది నీ వ్యవహారం. నాకు నిజంగా బాధేసింది. ఎప్పుడో ఒకసారి వచ్చిన అక్క కోసం పది నిమిషాలు ఆగలేకపోయాడా అనుకున్నాను.

దిగేటప్పుడు జెట్టీ మీద అభిప్రాయాల పుస్తకం కనిపించింది. పుస్తకం కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. రోజుకు ఆరొందల దుప్పట్లు ట్యూబులైటు ముందు ఎత్తి పట్టుకుని ఎక్కడ మరక, ఎక్కడ చిరుగు అని రిజిస్టరులో రాసే మనిషిని. "పడవ శుభ్రంగా ఉంది. టీ వేడిగా ఉంది. సూర్యుడు మునగకముందే వెనక్కి తిప్పారు" అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టి వచ్చాను. నవ్వుకో.

మర్చిపోయాను. ఆ రోజు పడవ కట్టేశాక నన్ను లాడ్జి దాకా దింపావు. మళ్ళీ తెల్లారి తలుపు తీస్తే మెట్ల మీద కూర్చుని ఉన్నావు. "అప్పుడే వచ్చేశావా?" అంటే "ఇప్పుడే" అన్నావు. నా కోసం చీకటితోనే లేచి వచ్చావని నాకెంత సంతోషమైందో. పడవ సంగతి దానితో చెల్లు.

తిండి వేళకి తిను.

మీ అక్క

* * *

ఫిబ్రవరి 15

దుప్పట్ల ఇన్‌ఛార్జి గారికి,

నీ ఉత్తరం నాకు అందింది. నీ అభిప్రాయం మాత్రం నాకంటే ముందు ఓనరుకి అందింది.

ఇన్నాళ్ళూ ఎవరో ఒకరు దిగేటప్పుడు గొణిగేవాళ్ళు. గాలికి పోయే మాటలు గాలికే పోయేవి. నీది అలా కాదే! తేదీ, సంతకం, ముత్యాల్లాంటి అక్షరాలు. ఓనరు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టి "చదువు" అన్నాడు. చదివాను. ఇది మా అక్క రాసిందని చెప్పడానికి నోరు రాలేదు.

సోమవారం నుంచి కొత్త పద్ధతి. సూర్యుడు పూర్తిగా మునిగేదాకా పడవ అక్కడే ఆగాలట. మునిగాక ఇంకో పావుగంట లంగరేసి ఉంచాలట. డెక్కు చుట్టూ రంగు లైట్లు కట్టించాడు. జనం ఫొటోలు దిగుతారట, అప్పుడు వెనక్కి రావాలట. గేటు దగ్గర బోర్డు కూడా పెట్టేశాడు. నువ్వు అడిగిన పది నిమిషాలకి పావుగంట వడ్డీ వేసి ఇస్తున్నాడు. సంతోషమేనా?

ఆ రోజు ఎందుకు తిప్పానంటే, పోటు తీరు బాగాలేదు. నీళ్ళ సంగతి నీళ్ళ మీద ఉండేవాడికి తెలుస్తుంది. పడవ నడపడమంటే దుప్పటి మడత పెట్టడం అనుకున్నావు.

ఇంజను మేస్త్రి నిన్ను అడిగానని రాయమన్నాడు. అదే, ఇంజను అంత రొద చేస్తున్నా కింద గదిలో కూర్చుని గుర్రుపెట్టి నిద్రపోతాడే, ఆ గుర్రు మేస్త్రి. ఈ పడవ మీద హాయిగా బతికేది వాడొక్కడే. నాకు మాత్రం ఈ మధ్య పొద్దున లేస్తూనే ఒళ్ళు బరువుగా ఉంటోంది. చక్రం ముందు నిలబడితే కాళ్ళు లాగుతున్నాయి. ఇంకేం రాయను.

తమ్ముడు

* * *

ఫిబ్రవరి 20

తమ్ముడికి,

దుప్పటి మడత పెట్టడం అన్నావు చూడు, ఆ మాట దగ్గర ఆగిపోయి రెండు రోజులు నీ ఉత్తరం పక్కన పెట్టేశాను.

నేను అబద్ధం రాశానా? మునగకముందే తిప్పావు, మునగకముందే తిప్పారని రాశాను. చిరుగున్న దుప్పటిని బాగుందని రాసి వార్డుకి పంపడం నాకు చేతకాదు. నీ మీద చాడీ చెప్పానని అనుకుంటున్నట్టున్నావు. ఓనరు ముఖం కూడా నేను చూడలేదు. మా అక్క రాసిందని చెప్పడానికి నోరు రాలేదా? అంత నామోషీ అయితే నన్నెందుకు రమ్మన్నావు?

నీకు నా మాటంటే ఎప్పుడు లెక్క గనక? నాలుగేళ్ళ కిందట మా దగ్గర ఒక వార్డులో నర్సుగా ఉన్న అమ్మాయి సంబంధం తెస్తే, పిల్లని చూడకుండానే కాదన్నావు. కారణం చెప్పమంటే "పడవతో పెళ్ళయిపోయింది" అని వెకిలి జవాబిచ్చావు. ఆ అమ్మాయికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. నేను ఆ వార్డుకి వెళ్ళినప్పుడల్లా ఇప్పటికీ తల దించుకునే నడుస్తాను.

పోనీలే. నా వల్ల ఓ మంచి జరిగింది కదా, డబ్బు పెట్టి వచ్చినవాళ్ళు సూర్యుణ్ణి పూర్తిగా చూస్తున్నారు. ఆ సంగతి ఇక్కడ చెబితే మా లాండ్రీ వాళ్ళు ఆరుగురు ఎగిరి గంతేశారు. మార్చి ఇరవైన సెలవు పెట్టి వస్తున్నారు. ఇస్త్రీ వేడికి మాడి మాడి ఉన్నారు పాపం, కాస్త గాలి తగలనీ. మా తమ్ముడే నడుపుతాడని గొప్పగా చెప్పుకున్నాను. వాళ్ళ ముందైనా నన్ను అక్క అని ఒప్పుకో.

అక్క

* * *

మార్చి 1

అక్కకి,

వాళ్ళని రావద్దని చెప్పు.

ఇంజను సరిగ్గా లేదు. దానికి సామాను రావాలి, ఎప్పుడొస్తుందో తెలియదు. పైగా ఎండలు ముదిరాయి. వచ్చే ఏడాది చూసుకుందాం.

నామోషీ మాట తీసెయ్. నువ్వు వచ్చినప్పుడు జెట్టీ మీద వేరుశనగలమ్మే వాడి దగ్గర్నుంచి అందరికీ మా అక్క అని చెప్పుకున్నాను. నీకు కనపడలేదేమో.

మొన్న రాళ్ళగట్టు మలుపులో లంగరేసి ఉన్న చేపల పడవని మన పడవ ఒరుసుకుంది. రంగు ఊడింది, అంతే. ఒకాయన మీద టీ ఒలికింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ పడవవాడు దీపం పెట్టలేదని ఓనరు వాడితో పెద్ద గొడవ చేశాడు. వాడు పెట్టానంటాడు, ఈయన లేదంటాడు. నన్ను అడిగితే నేను మాట్లాడలేదు. చివరికి వాడి చేతే క్షమాపణ చెప్పించారు.

ఈ రోజు ఆదివారం, రెండు ట్రిప్పులు. రెండోది పూర్తిగా పొద్దు పోయాక తిరిగొస్తుంది. ఆదివారాలు వద్దనిపిస్తోంది. ఆదివారాలే కాదు, ఏ వారమూ వద్దనిపిస్తోంది.

నీ మోకాళ్ళకి వేణ్ణీళ్ళ కాపడం పెట్టుకుంటున్నావా?

తమ్ముడు

* * *

మార్చి 5

తమ్ముడూ,

ఇది ఒక్కడివే ఉన్నప్పుడు చదువు.

నిన్న సాయంత్రం లాండ్రీలో కరెంటు పోయింది. మాది నేలమాళిగ, కిటికీ కూడా లేదు. కొత్తగా చేరిన ఇస్త్రీ ఆవిడ భయపడి నా మోచెయ్యి పట్టుకుంది. ఆవిణ్ణి తీసుకుని పైకి నడిచాను. పైకి వచ్చాక ఆవిడ నవ్వుతూ "అక్కా, నాకు కళ్ళు బాగానే ఉన్నాయి, కరెంటే పోయింది. దారంతా మెట్టు, మెట్టు, గడప అని చెబుతావేంటి?" అంది.

నేను చెప్పినట్టు నాకే తెలియదు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కరెంటు వచ్చాక దుప్పటి ఎత్తి ట్యూబులైటు ముందు పట్టుకున్నాను. ఎక్కడి చేతులు అక్కడే ఆగిపోయాయి.

నాన్నకి రేచీకటి. పగలు సూదిలో దారం ఎక్కించేవాడు, కుర్చీలకి పేము అల్లేవాడు. దీపాలు పెట్టే వేళయితే ఇంట్లో గడప కూడా కనపడేది కాదు. నీదో చెయ్యి, నాదో చెయ్యి. మెట్టు వస్తే మెట్టు, గుంట వస్తే గుంట అని చెప్పుకుంటూ తీసుకెళ్ళేవాళ్ళం. అది మనకి ఊపిరి పీల్చడమంత అలవాటు. మోచెయ్యి ఎవరు పట్టుకున్నా నా నోరు దానంతట అదే చెబుతుంది.

ఆ రోజు జెట్టీ మెట్లు దిగేటప్పుడు నువ్వు నా మోచెయ్యి పట్టుకున్నావు. నన్ను జాగ్రత్తగా తీసుకెళుతున్నావనుకున్నాను. లాడ్జి దాకా మెట్టు, తాడు, గుంట, రాయి అంటూ నేనే నడిచాను. వేరుశనగలమ్మేవాడు "ఏంటమ్మా, లెక్కపెడుతున్నారా?" అని కూడా అడిగాడు. నాన్న పోయి ఇరవై ఏళ్ళయింది. నేనెవరికి చెప్పానురా అవన్నీ?

చేపల పడవవాడు దీపం పెట్టలేదా? పెట్టినా నీకు కనపడలేదా? సూర్యుడు జానెడు ఎత్తున ఉండగానే పడవ తిప్పింది పోటు చూసేనా?

నిజం రాయి. అబద్ధం రాస్తే మరుసటి బస్సుకే వస్తాను.

అక్క

* * *

మార్చి 9

అక్కా,

ముందు కోపం వచ్చి నీ ఉత్తరం చింపేశాను. తర్వాత ముక్కలు ఏరుకుని, బల్ల మీద పేర్చుకుని మళ్ళీ చదివాను.

దీపం ఉంది. వాడు పెట్టాడు, నాకు కనపడింది కూడా. దీపాలు నాకు కనపడతాయి. దాని కింద పడవ ఎంత మేర ఉందో కనపడలేదు. రేవులోకి వచ్చే సందుకి అటూ ఇటూ రాళ్ళగట్ల చివర రెండు దీపాలుంటాయి, ఆ రెంటి మధ్యకి చూసుకుని పడవ తెస్తాను. ఆ మధ్యలో దీపం లేనిది ఏదైనా ఉంటే నా వరకు అది లేనట్టే. ఆ చేపలవాడు చేతులు కట్టుకుని క్షమాపణ చెబుతుంటే నేను నేల చూస్తూ నిలబడ్డాను. తేలు కుట్టిన దొంగనైపోయాను అక్కా.

మొదలై నాలుగేళ్ళయింది. బాగా ముదిరి రెండేళ్ళు. నర్సు సంబంధం ఎందుకు కాదన్నానో ఇప్పుడు తెలిసిందా? ఆ పిల్ల రోజూ సాయంత్రం నా చెయ్యి పట్టుకుని మెట్టు, గుంట అని చెప్పాలా? అమ్మ నాన్నకి చెప్పీ చెప్పీ ఎంత అలిసిపోయిందో మనం చూడలేదా?

లైసెన్సు పరీక్ష మిట్టమధ్యాహ్నం పెడతారు. గోడ మీద అక్షరాలన్నీ గడగడా చదివేస్తాను. మరి పొద్దు మునగకముందే తిప్పేస్తే ఎవరికీ ఏ ప్రమాదమూ లేదు కదా, అలా రెండేళ్ళు లాక్కొచ్చాను. జనం గొణిగితే గొణిగారు, అందరూ క్షేమంగా దిగేవారు. నీ మీద కోపం లేదని రాయలేను. నువ్వా మూడు ముక్కలు రాయకపోతే ఇంకా కొన్నాళ్ళు అలాగే నడిచేది.

నువ్వు తలుపు తీసినప్పుడు నేను మెట్ల మీద ఉన్నాను చూడు, పొద్దున్నే రాలేదు. రాత్రి నిన్ను దింపాక తిరిగి వెళ్ళే దారి కనపడక అక్కడే కూర్చుండిపోయాను. నువ్వు సంబరపడుతుంటే చెప్పలేకపోయాను.

ఇంకా రెండు నెలలే సీజను. అప్పటిదాకా ఓపిక పట్టు. నలభై మూడేళ్ళు వచ్చాయి, నాకు ఇది తప్ప ఇంకో పని రాదు. ఇది పోతే నేనెవరినో నాకే తెలియదు. ఎవరికీ చెప్పకు. నీకు దణ్ణం పెడతాను.

తమ్ముడు

* * *

మార్చి 13

నాన్నా,

నిన్నలా పిలిచి ఎన్నేళ్ళయిందో. నీ ఉత్తరం చదివి నేలమాళిగ మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఇస్త్రీ ఆవిడ వచ్చి మోకాళ్ళ నొప్పా అంటే అవునన్నాను.

రెండు నెలలు ఓపిక పట్టమన్నావు. నేను పడతాను, నీళ్ళు పడతాయా? రోజుకు నలభై మంది. రెండు నెలలకి ఎంతమందో లెక్క వెయ్యడానికి నాకు చేతులు రాలేదు. మా ఆరుగుర్ని ఏదో ఒకటి చెప్పి ఆపగలను. మిగిలినవాళ్ళని ఎవరు ఆపుతారు? వాళ్ళకి అక్కలు లేరా?

నేనూ తప్పు చేశాను. రాయడం తప్పు కాదు, నువ్వెందుకు తిప్పావో ఆలోచించకుండా రాశాను. నీ మొహం చూస్తూ రెండు రోజులున్నాను. గుడ్డ మీద ఆవగింజంత మరక పట్టే కళ్ళు నావి. నా తమ్ముణ్ణి చూడలేకపోయాయి. అది నా మనసులోంచి పోదు.

అయినా ఒక మాట విను. నాన్నని మనం నడిపించాం. నాన్న ఎన్నడూ మనల్ని ఎక్కించుకుని చీకట్లో ఏ బండీ తోలలేదు. పొద్దు వాలితే పేము కిందపెట్టి, కూర్చున్న చోటి నుంచే "ఎవరైనా రండర్రా" అని కేకేసేవాడు. అలా కేకెయ్యడానికి ఆయన సిగ్గుపడలేదు. నువ్వెందుకు పడుతున్నావు?

దీనితో పాటు ఇంకో కాగితం పెట్టాను. అది మీ ఓనరుకి. కవరు అంటించలేదు, చదువుకో. ఇస్తావో, చింపుతావో, నోటితోనే చెబుతావో నీ ఇష్టం. పద్దెనిమిదో తేదీ పొద్దున దాకా నీ ఫోను కోసం చూస్తాను. ఆ రోజుకీ నువ్వు చక్రం దగ్గరే ఉన్నావని తెలిస్తే అలాంటిదే ఇంకోటి రాసి నేరుగా ఆయనకే పోస్టు చేస్తాను. నువ్వు నాతో జన్మలో మాట్లాడకపోయినా సరే. నువ్వు బతికుండి, ఆ నలభై మందీ బతికుండి, నన్ను తిట్టుకుంటూ ఉంటే నాకు చాలు.

కోపంగా లేను. భయంగా ఉంది, చాలా అలసటగా ఉంది.

అక్క

* * *

మార్చి 18

అక్కా,

నీ కాగితం ఓనరుకి ఇవ్వలేదు. పోస్టు చెయ్యక్కర్లేదని పొద్దున ఫోనులో రెండు ముక్కలు చెప్పాను, మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

నిన్న సాయంత్రం చెబుదామనే వెళ్ళాను. నలభై ఒక్క మంది వరసలో నిలబడి ఉన్నారు. ఓనరు టికెట్లు చింపుతూ "ఏదైనా తర్వాత చెప్పు" అన్నాడు. తర్వాత అంటే పడవ తిరిగి వచ్చాక. మళ్ళీ చెబితే చెయ్యి ఊపాడు. ఇంక నాకేం తోచలేదు. పడవలోకి వెళ్ళే చెక్క మీద అడ్డంగా నిలబడ్డాను.

వరసలో ముందు ఒక పెద్దావిడ, వాళ్ళాయన. ఆవిడ కస్సుమంది. "మూడు రోజుల నుంచి తిరుగుతున్నాం. మొన్న గాలన్నారు, నిన్న జనం నిండిపోయారన్నారు. రేపు పొద్దున్నే మా ఊరు పోతున్నాం. తప్పుకో బాబూ!" అంది. వెనక నుంచి ఇంకో నలుగురు అందుకున్నారు. ఓనరు లేచి వచ్చి నా భుజం పట్టుకున్నాడు.

అప్పుడు గట్టిగా చెప్పేశాను. "చీకటి పడితే నాకు కళ్ళు కనపడవమ్మా. ఈ పడవ నడిపేది నేనే" అన్నాను. చేపలవాడు దీపం పెట్టాడని, తప్పు నాదేనని కూడా చెప్పాను. ఓనరు చెయ్యి నా భుజం మీంచి జారిపోయింది. ఆయన తిడతాడనుకున్నాను. తిట్టలేదు. అక్కడే తాళ్ళ చుట్ట మీద కూలబడి "మా పిల్లలు కూడా ఎక్కారు కదరా, మొన్న ఆదివారం" అన్నాడు. తిట్టినా బాగుండేది. గుర్రు మేస్త్రి పైకి వచ్చి అంతా విని, కిందికి వెళ్ళి ఇంజను ఆపేశాడు.

జనం డబ్బులు వెనక్కి తీసుకుని తిట్టుకుంటూ వెళ్ళిపోయారు. తిట్టే హక్కు వాళ్ళకుంది. ఆ పెద్దావిడ మాత్రం వెళ్ళలేదు. అటు సూర్యుడు మునుగుతున్నాడు, ఆవిడ అటు చూడకుండా నన్నే చూస్తోంది. "మరి నువ్వు ఇంటికెలా వెళతావు నాయనా?" అని అడిగింది.

రెండేళ్ళుగా నలభై మందిని ఒడ్డుకి ఎలా చేర్చాలా అనే ఆలోచించాను. నేను ఇంటికి వెళ్ళడమే మానేశాను, ఎన్నో రాత్రులు పడవలోనే పడుకున్నాను. ఆ సంగతి నీక్కూడా రాయలేదు. నిన్నటితో ఆ పడవా లేదు. ఆవిడ అడిగేదాకా ఆ ప్రశ్న నాకే తట్టలేదు. ఆవిడ ముందే పసివాడిలా ఏడ్చాను అక్కా. సిగ్గేసింది. కానీ ఏడ్చాక రెండేళ్ళలో మొదటిసారి ఒళ్ళు తేలికైంది.

వాళ్ళిద్దరూ చెరో పక్కా నడిచి నన్ను గది దాకా తీసుకొచ్చారు. ఆయనకి చెవుడు, ఆవిడ నాకు చెప్పే ప్రతి మాటా ఆయనకి రెండోసారి అరిచి చెప్పాల్సి వచ్చింది. తలుపు తాళం ఆవిడే తీసింది. గదంతా దుమ్ము. మంచం దులిపి, నన్ను కూర్చోబెట్టి వెళ్ళిపోయారు. వాళ్ళు చూద్దామని వచ్చిన సూర్యాస్తమయం నా వల్లే పోయింది. ఒక్క మాట కూడా అనలేదు.

పొద్దున ఓనరు కబురు పంపాడు. పగటి పూట పడవలకి రంగులు వేసే పని ఉంటే పిలుస్తాడట. పిలుస్తాడో లేదో. మీ ఆరుగుర్నీ రానిమ్మని ఫోనులో అన్నాను కదా, ఓనరు పక్క రేవు నుంచి వేరే సరంగుని మాట్లాడాడు. మంచివాడు, కళ్ళున్నవాడు. చేపలవాడి ఇంటికి ఇప్పుడే వెళ్ళి వచ్చాను. వాడు నన్ను కూర్చోమనలేదు. అయినా వెళ్ళి వచ్చాను.

మీ ఆసుపత్రిలో కళ్ళ డాక్టరుకి చూపిద్దామని నువ్వు అడగకముందే నేనే అడుగుతున్నాను. నయమవుతుందని ఆశ లేదు. ఇంకా ఎంత మిగిలిందో తెలుసుకోవాలి కదా.

ఇరవై రెండున పొద్దున అయిదు గంటల బస్సుకి బయల్దేరుతున్నాను. బస్సు సరిగ్గా నడిస్తే వెలుగుండగానే చేరతాను. ఆలస్యమైతే కంగారు పడి ఎక్కడెక్కడో వెతక్కు. బస్సు దిగిన చోటే నిలబడి ఉంటాను. నువ్వు వచ్చేదాకా ఎక్కడికీ కదలను.

తమ్ముడు